స్తోత్రానికి రెండు చివరలుంటాయి, వాటిని కోసేయకండి

పిల్లల కోసం వచ్చే గ్రీకు పురాణాల పుస్తకాల్లో మూడు కథలు తరచుగా కనిపిస్తాయి. పుట్టిన రోజునే ఆవుల్ని దొంగిలించిన పసివాడి కథ, దానిమ్మ గింజ తిని పాతాళానికి కట్టుబడిపోయిన ఆడపిల్ల కథ, ఓడ దొంగలు డాల్ఫిన్లుగా మారిన కథ. మూడూ బాగుంటాయి. కానీ మనకు అందిన పాత రూపంలో ఇవి పాటలు. దేవుణ్ణి పేరుపెట్టి పిలిచి, ఆయన చేసిన పని చెప్పి, తమకేం కావాలో అడిగి, సెలవు తీసుకునే పాటలు. కథ వాటికి నడిమి భాగం మాత్రమే. తలా తోకా తీసేసి ఆ నడిమి ముక్కను పిల్లల చేతిలో పెడుతున్నారు. దాంతో గ్రీకు దేవుళ్ళంటే పోట్లాడుకునే, మోసాలు చేసే వింత మనుషులని పిల్లలు అనుకుంటున్నారు. వాళ్ళ ముందు ఒకప్పుడు జనం చేతులు పైకెత్తి నిలబడేవారన్న సంగతి వాళ్ళ దాకా రావడం లేదు.

స్తోత్రాన్ని స్తోత్రంగానే చెప్పాలని నా వాదన. అదేమీ పెద్దవాళ్ళకే అర్థమయ్యే విషయం కాదు. తెలుగు ఇంట్లో పెరిగే పిల్లలకైతే మరీ సులువు. బుర్రకథ మొదలయ్యే ముందు ప్రార్థన విన్న పిల్లలకు, పూజలో నూట ఎనిమిది పేర్లు చదువుతుంటే పక్కన కూర్చున్న పిల్లలకు సగం పాఠం ముందే వచ్చు.

మనకు మిగిలిన పాత గ్రీకు స్తోత్రాల్లో ముఖ్యమైన సంపుటి 'ఇలియడ్' కవి హోమర్ పేరు మీద ఉంది. అందులో 33 స్తోత్రాలు. పేరుకే హోమర్, ఎక్కువ భాగం క్రీ.పూ. 7, 6 శతాబ్దాల్లో వేర్వేరు గాయకులు కట్టినవి. క్రీ.పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు థుకిదిదేస్ వీటిలో ఒకదాన్ని ఉదాహరిస్తూ దాన్ని 'ప్రొఓయిమియొన్' అన్నాడు. అసలు పాటకు ముందు పాడే పాట అని అర్థం. గాయకుడు వీరుల కథ ఎత్తుకునే ముందు ఆ పండగ ఏ దేవుడిదో ఆ దేవుణ్ణి తలుచుకునేవాడు. మన హరికథలో కథకు ముందు ఇష్టదేవతను తలుచుకుంటారే, అదే పని.

వీటిలో అన్నిటికన్నా చిన్నది పంటల దేవత దేమేతేర్ మీద ఉన్న 13వది. మూడే పంక్తులు. పిల్లలకు మొదట చెప్పాల్సింది ఇదే, ఎందుకంటే మొత్తం నిర్మాణం ఇందులో ఉంది:

"అందమైన కురుల దేమేతేర్‌ని, పూజనీయమైన దేవిని, పాడటం మొదలుపెడుతున్నాను,
ఆమెనూ, ఆమె కూతురు పరమసుందరి పెర్సెఫొనేనూ.
ఖైరె, దేవీ! ఈ ఊరిని కాపాడు, పాటను నడిపించు."

మొదటి పంక్తిలో పిలుపు, రెండో పంక్తిలో ఆమె ఎవరో చెప్పడం, మూడో పంక్తిలో వీడ్కోలూ కోరికా. 580 పంక్తుల స్తోత్రంలోనైనా ఉండేవి ఇవే. రెండో భాగం సాగి సాగి కథ అవుతుంది, అంతే. ముందు ఈ మూడు పంక్తుల్ని నల్లబల్ల మీద రాసి, మూడు రంగుల సుద్దముక్కలతో మూడు భాగాలకీ గీతలు గీయించండి. ఆ తర్వాత ఎంత పెద్ద స్తోత్రం చదివినా "ఇప్పుడు ఏ రంగులో ఉన్నాం?" అని అడిగితే చాలు, పిల్లలు దారి తప్పరు.

'ఖైరె' అన్న మాట దగ్గర ఆగాలి. దాన్ని 'నమస్కారం' అనో 'జయం' అనో తేల్చేసి ముందుకు పోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఆ మాటకు అసలు అర్థం 'సంతోషించు'. గ్రీకులు ఎదురుపడినప్పుడూ అదే అనేవారు, విడిపోయేటప్పుడూ అదే. స్తోత్రం చివర అది వచ్చినప్పుడు 'నా పాట నీకు నచ్చిందనుకుంటాను, సంతోషంగా ఉండు, నేను వెళ్ళొస్తాను' అన్నంత భావం ఉంటుంది. 'ఖరిస్' అనే మరో మాట దీనికి తోబుట్టువు. దేవుడికి పాట ఒక కానుక, దేవుడి నుంచి మంచి తిరుగు కానుక, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోని సంతోషం ఖరిస్. చాలా స్తోత్రాల ఆఖరి పంక్తి "నిన్నూ తలుచుకుంటాను, మరో పాటనూ తలుచుకుంటాను" అని ఉంటుంది. మనం గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అంటాం కదా. ఆ పంక్తి ఎందుకుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి మాట లేదు.

అడిగే కోరికలు కూడా చదివించండి. అవి గాల్లో తేలేవి కావు. దేమేతేర్ పెద్ద స్తోత్రం చివర గాయకుడు తన పాటకు బదులుగా మనసుకు నచ్చే బతుకుతెరువు ఇమ్మంటాడు. ప్రేమ దేవత అఫ్రొదితే మీద ఉన్న 6వ స్తోత్రంలో ఈ పోటీలో నన్ను గెలిపించు అంటాడు. పండగల్లో గాయకుల పోటీలు జరిగేవి మరి. ఇక్కడికి వచ్చేసరికి ఆ గాయకుడు పిల్లలకు మనిషిగా కనిపిస్తాడు. తీసేసిన తోకలో పోయేది ఆ మనిషే.

పేర్ల సంగతి. తెలుగు పుస్తకాల్లో గ్రీకు పేర్లు ఇంగ్లీషు నోటి మీదుగా వచ్చాయి: డిమీటర్, హెర్మీస్, అపోలో, పెర్సెఫోనీ. ఈ దారి మనకు అక్కర్లేదు. పాత గ్రీకులో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. త, ద మన పళ్ళ దగ్గర పలికే త, ద లాంటివే. ఖ, థ, ఫ అక్షరాలు మన వర్ణమాలలో ఉన్నట్టే నిజంగా ఒత్తి పలికేవి. ద్విత్వం వస్తే ద్విత్వంగానే పలకాలి. ఇంగ్లీషు పిల్లవాడు కష్టపడి నేర్చుకోవాల్సినవన్నీ తెలుగు పిల్లవాడి పలకలో ముందే ఉన్నాయి. కాబట్టి దేమేతేర్, హెర్మేస్, అపొల్లోన్, పెర్సెఫొనే, అథేనే, అర్తెమిస్, దియొనూసొస్ అని రాయండి, అలాగే పలికించండి. దేవతల రాజు పేరును 'జ్యూస్' అని రాస్తే పిల్లల మనసు పండ్లరసం మీదికి పోతుంది. 'జెయుస్' అంటే గ్రీకుకు దగ్గరగానూ ఉంటుంది. డెల్ఫీ, ఏథెన్స్, క్రీట్ లాంటి అలవాటైన చోట్ల పేర్లను మాత్రం కదపకండి, పిల్లలు పటంలో వెతుక్కోలేరు. ఇంకొకటి, రోమన్ పేర్లు కలపొద్దు. ఒక పేజీలో హెర్మేస్ అని, ఇంకో పేజీలో మెర్క్యురీ అని ఉంటే పిల్లలు ఇద్దరు దేవుళ్ళనుకుంటారు.

ఒక్కో దేవుడికి ఇన్ని బిరుదులు, ఇన్ని ఊళ్ళ పేర్లు ఎందుకని అడుగుతారు. పిలిచేటప్పుడు సరైన పేరుతో, సరైన చోటు పేరుతో పిలవాలని గ్రీకులకు పట్టింపు. దేలొస్ ద్వీపంలో పుట్టిన అపొల్లోన్, డెల్ఫీలో జోస్యం చెప్పించే అపొల్లోన్ ఒకడే అయినా పిలుపు వేరు. యాదగిరి నరసింహుడు, సింహాద్రి అప్పన్న, మంగళగిరి పానకాల స్వామి అన్న పేర్లు విన్నవాళ్ళకు ఇంకేం వివరించనక్కర్లేదు.

అయితే పోలిక అక్కడితో ఆపాలి. జెయుస్ అంటే ఇంద్రుడు, హెర్మేస్ అంటే నారదుడు అని జతలు కట్టేయడం చాలా మంది చేసే తప్పు, దానివల్ల రెండు వైపులా నష్టం. నిజంగా ఉన్న బంధుత్వం మాటల్లో ఉంది. జెయుస్‌ని తండ్రీ అని పిలిచే 'జెఉ పతెర్' అన్న పిలుపూ, ఋగ్వేదంలోని 'ద్యౌష్పితా' అన్న మాటా ఒకే పాత మూలం నుంచి వచ్చాయి. గ్రీకు వేకువ దేవత ఏఓస్ పేరూ, మన ఉషస్సూ అలాగే. పేర్లు అక్కచెల్లెళ్ళు, కథలు ఎవరివి వాళ్ళవి. పదేళ్ళు దాటిన పిల్లలకు ఈ తేడా చక్కగా అర్థమవుతుంది.

ఛందస్సు చెప్పకుండా స్తోత్రం చెప్పలేం, ఎందుకంటే ఇవి చెవికోసం కట్టినవి. ఇక్కడ కూడా మన పిల్లలకు దగ్గర దారి ఉంది. హోమర్ స్తోత్రాల పంక్తికి ఆరు గణాలు. ప్రతి గణానికి నాలుగు మాత్రలు. గణం గురువు-లఘువు-లఘువు కావచ్చు, అంటే మన భగణం, 'రాముడు' అన్నట్టు. లేదా రెండు గురువులు కావచ్చు, 'రామా' అన్నట్టు. అయిదో గణం దాదాపు ఎప్పుడూ భగణమే. ఆరోది రెండే అక్షరాలు. మన కందపద్యంలో వాడే గణాల జాబితాలో గగ, భ రెండూ ఉన్నాయని గుర్తుచేసుకోండి. తేడా ఏమిటంటే గ్రీకు పంక్తికి ప్రాస లేదు, యతిమైత్రి లేదు. మూడో గణం మధ్యలో సాధారణంగా ఒక విరుపు ఉంటుంది, అక్షరాల పొత్తు మాత్రం అక్కర్లేదు. వినిపించడానికి తెలుగులో ఒక పంక్తి కడితే ఇలా వస్తుంది:

పాటను | పాడెద | నిప్పుడు | ధాన్యము | నిచ్చెడి | తల్లీ

అయిదు భగణాలు, చివర గగ. గురువుకు బల్ల మీద అరచేత్తో ఒక దరువు, లఘువుకు వేలితో ఒక చిన్న దరువు వేయించండి. మొదట తప్పు జరిగేది ఎక్కడంటే, పిల్లలు గురువునూ లఘువునూ ఒకే వేగంతో కొడతారు. అప్పుడు నాలుగు మాత్రల గణం మూడు దెబ్బలైపోతుంది, పాట కుంటుతుంది. గురువు దగ్గర చెయ్యి బల్ల మీదే ఉంచి రెండు లెక్కపెట్టమంటే సరిపోతుంది. తర్వాత వాళ్ళనే ఒక పంక్తి కట్టమనండి. ఏడెనిమిది ప్రయత్నాల్లో వస్తుంది. ధాన్యానికో, సముద్రానికో, పొద్దుకో, దేనికైనా సరే. ఒక్క నియమం పెట్టండి: బిరుదు పెడితే అది కంటికి కనిపించేదో, ఆ దేవత చేసే పనో అయి ఉండాలి. 'గొప్ప', 'మహా' లాంటివి వద్దు. గ్రీకు గాయకులు జెయుస్ భార్య హేరాను తెల్లని చేతులదన్నారు, విలుకాడు అపొల్లోన్‌ని దూరం కొట్టేవాడన్నారు. ఉత్త పొగడ్తతో సరిపెట్టుకోలేదు.

ఇక పెద్ద స్తోత్రాలు. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకు మొదట హెర్మేస్‌ది, ఆవుల్ని దొంగిలించిన ఆ పసివాడిది. 580 పంక్తులు, గట్టిగా చదివితే గంట పడుతుంది కాబట్టి మూడు రోజులకు పంచండి. మొదటి రోజు పుట్టుక, వాద్యం తయారీ. రెండో రోజు ఆవులు. మూడో రోజు తగవూ రాజీ. నెలలో నాలుగో రోజున అర్కాదియాలోని కుల్లేనే కొండ గుహలో మైయాకు పుట్టాడు. పొద్దున పుట్టి, మధ్యాహ్నానికి వాద్యం వాయించి, సాయంత్రానికి అపొల్లోన్ ఆవుల్ని దొంగిలించాడని స్తోత్రం ముందే చెప్పేస్తుంది. గుమ్మంలో తాబేలు కనిపిస్తుంది. దాన్ని లోపలికి తెచ్చి, ఇనుప ఉలితో మాంసం తొలిచి, కొలత ప్రకారం కోసిన రెల్లు కాడల్ని డిప్పలో బిగించి, పైన ఎద్దు తోలు పరిచి, రెండు చేతులు అమర్చి, వాటిమీద అడ్డపట్టీ వేసి, గొర్రె పేగుతో చేసిన 7 తంతులు కట్టాడు. ఇది దాదాపు తయారీ పద్ధతి. అందుకే పిల్లల చేత కూడా చేయించాలి. లోతైన గట్టి ప్లాస్టిక్ గిన్నె, వేర్వేరు మందాల 7 రబ్బరు బ్యాండ్లు, రెండు పెన్సిళ్ళు చాలు. బ్యాండ్లను గిన్నె మూతి మీదుగా బిగించి, రెండు అంచుల దగ్గరా వాటి కింద పెన్సిళ్ళు దూర్చాలి. పెన్సిల్ పెట్టకపోతే తంతి అంచుకు తగిలి జుయ్యిమంటుంది, స్వరం పలకదు. గిన్నె పలచనిదైతే ఏడో బ్యాండుకల్లా లోపలికి వంగి అన్ని తంతులూ వదులవుతాయి. సన్న బ్యాండు, ఎక్కువ బిగింపు పై స్వరం ఇస్తాయి. మందపుది కింది స్వరం. స్వరాలు వరస కుదిరే దాకా బిగింపు మార్చాలి. అదే శ్రుతి చేయడం.

రెండో రోజు. అపొల్లోన్ మందలోంచి 50 ఆవులు. అడుగుజాడలు తెలియకుండా వాటిని వెనక్కి నడిపించాడు. తన కాళ్ళకు చెట్టు కొమ్మలు అల్లిన చెప్పులు వేసుకున్నాడు. ద్రాక్షతోటలో పనిచేసే ముసలాయన చూశాడు, చూసినా చూడనట్టు ఉండమని హెర్మేస్ ఆయనతో అన్నాడు. అల్ఫెయొస్ నది దగ్గర రెండు ఆవుల్ని బలిచ్చి మాంసాన్ని 12 వాటాలు వేశాడు. నోరూరినా తాను తినలేదు. ఈ చోట కొందరు బలి సంగతి దాటేస్తారు. దాటేయకండి. గ్రీకుల పూజలో పశుబలి మామూలు, పాట అక్కడే పాడేవారు. దాన్ని మెచ్చుకోనూ అక్కర్లేదు, దాచనూ అక్కర్లేదు. తాళపు చెవి రంధ్రంలోంచి శరత్కాలపు మంచులా దూరి వచ్చి పసిగుడ్డల్లో పడుకున్నాడు. తల్లి తిడితే ఏమన్నాడు? నైవేద్యమూ ప్రార్థనా లేకుండా ఈ గుహలో పడి ఉండలేం, అపొల్లోన్‌కున్న గౌరవం నాకూ కావాలి అన్నాడు. దొంగతనానికి కారణం ఇదీ. తెలుగు పిల్లలు వెన్నదొంగ కృష్ణుణ్ణి తలుచుకుంటారు, తలుచుకోనివ్వండి, కానీ తేడా వాళ్ళ చేతే చెప్పించండి: వీడికి దేవతల్లో ఇంకా చోటు దొరకలేదు, చోటు కోసం దొంగిలించాడు.

అపొల్లోన్ వచ్చి నిలదీస్తే, నిన్న పుట్టినవాణ్ణి, కాళ్ళింకా మెత్తన, ఆవులంటే ఏమిటో విన్నానే గానీ చూడలేదు అంటాడు. ఎత్తుకుంటే అపానవాయువు వదిలి, పైగా తుమ్ముతాడు. అవును, స్తోత్రంలోనే ఉంది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు, జెయుస్ కూడా ఈ పిల్లవాడి బుకాయింపు విని పెద్దగా నవ్వుతాడు. నవ్వు ఉంటే భక్తి పోతుందని గ్రీకులు అనుకోలేదు. ఇది తప్పకుండా తెలియాల్సిన సంగతి, అందుకే మర్యాద కోసం దీన్ని తీసేసే అనువాదాల మీద నాకు కోపం.

మూడో రోజు భాగంలో కథలు చెప్పేవాళ్ళు ఎక్కువగా వదిలేసేది, నా లెక్కన స్తోత్రానికి ప్రాణం లాంటిది ఒకటుంది. హెర్మేస్ ఆ తాబేలు డిప్ప వాద్యం తీసి పాడతాడు. ఏం పాడతాడు? దేవతల మీద స్తోత్రం. జ్ఞాపకానికి దేవత అయిన మ్నేమొసూనేను ముందు తలుచుకుని, తర్వాత మిగిలినవాళ్ళను వయసు వరసలో. అపొల్లోన్ కోపం కరిగిపోతుంది. నువ్వు కనిపెట్టినది 50 ఆవుల పెట్టు అంటాడు. పోయినవి 50, పాట వెల 50. వాద్యం అపొల్లోన్‌కి, పశువుల కాపరి పని హెర్మేస్‌కి. స్తోత్రం లోపల స్తోత్రం, దానితోనే తగవు తీరడం! 'దొంగ దేవుడి కథ' అని చెప్తే ఇది కనపడదు.

దేమేతేర్ స్తోత్రం 495 పంక్తులు. పదేళ్ళు దాటాక చెప్పాలి, ఎందుకంటే ఇందులో పాతాళ రాజు హాదేస్ పెర్సెఫొనేను ఎత్తుకుపోవడం ఉంది. మెత్తబరిచి 'హాదేస్ ప్రేమించాడు' అని చెప్పకండి. స్తోత్రం అలా చెప్పదు. తండ్రి జెయుస్ ఒప్పుకున్నాడు, తల్లిని అడగలేదు, పిల్లను అడగలేదు, పిల్ల కేకలు పెట్టింది. తల్లి 9 రోజులు దివిటీలు పట్టుకుని, తిండీ స్నానమూ లేకుండా వెతికింది. పదో రోజున హెకతే అనే దేవత ఎదురైంది, ఇద్దరూ సూర్యుడి దగ్గరికి వెళ్ళి సంగతి తెలుసుకున్నారు. ముసలమ్మ వేషంలో ఎలెవ్సిస్ ఊరి బావి దగ్గర కూర్చుంటే, కంచు బిందెలతో నీళ్ళకొచ్చిన నలుగురు అక్కచెల్లెళ్ళు ఇంటికి పిలుచుకెళ్ళారు. ద్రాక్షసారా ఇస్తే వద్దంది. బార్లీ, నీళ్ళు, పుదీనా జాతికి చెందిన ఒక ఆకు కలిపి ఇమ్మంది. దాని పేరు 'కుకెఓన్', అంటే కలిపినది. ఎలెవ్సిస్‌లో దేమేతేర్ రహస్య పూజలకు దీక్ష తీసుకునేవాళ్ళూ అదే తాగేవారు.

ఇది పిల్లలతో చేయొచ్చు. గ్లాసు నీళ్ళకు రెండు చెంచాల వేయించిన బార్లీ పిండి, నలిపిన నాలుగైదు పుదీనా ఆకులు. మొదట రెండు చెంచాల నీళ్ళతో పిండిని ముద్దలా చేసి, తర్వాత మిగిలిన నీళ్ళు పోయాలి; ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది. పాత గ్రీకు ఆకు కోసం వెతకొద్దు, దాని నూనె కాలేయానికి హాని చేస్తుంది, మామూలు పుదీనా వాడండి. నిమిషం వదిలేస్తే పిండి అడుక్కి దిగి, పైన తేట నీళ్ళు మిగులుతాయి. కదుపుతూ ఉంటేనే అది కుకెఓన్. తత్త్వవేత్త హెరాక్లెయితొస్ కూడా ఈ సంగతే అన్నాడు: కదపకపోతే కుకెఓన్ విడిపోతుందని.

దానిమ్మ గింజల లెక్క దగ్గర పుస్తకాలు ఎక్కువ తప్పు చేస్తాయి. ఆరు గింజలు తింది, అందుకే ఆరు నెలలు పాతాళంలో అని రాస్తారు. స్తోత్రంలో ఉన్నది ఒక్క గింజ, హాదేస్ చాటుగా తినిపించింది. పాతాళంలో ఉండాల్సింది ఏడాదిలో మూడో వంతు, తల్లి దగ్గర రెండు వంతులు. రోమన్ కవి ఒవిడ్ ఒక కావ్యంలో ఏడు గింజలన్నాడు, ఇంకో కావ్యంలో మూడన్నాడు. ఆ తర్వాత వచ్చినవన్నీ కలిసి ఒక కొత్త కథ అయ్యాయి. పిల్లలకు కొత్త కథ చెప్పొచ్చు, కానీ అది గ్రీకు స్తోత్రంలోదని చెప్పకూడదు. ఇంకో సంగతి: ఈ స్తోత్రం ఒకే ఒక్క రాతప్రతిలో మిగిలింది. 1777లో మాస్కోలో బయటపడింది, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది. తల్లి కూతుర్ని వాటేసుకుని 'అక్కడ ఏమైనా తిన్నావా?' అని అడిగే చోటే పుట చిరిగి ఉంది. ఆ పంక్తుల్లో కొన్ని మాటలు పండితులు ఊహించి పూరించినవి. ఇలాంటి నిజం పిల్లలకు చెప్తే పాత పాట మన దాకా రావడం ఎంత సన్నటి దారమో వాళ్ళకు తెలుస్తుంది.

కథగా చెప్పినప్పుడు ఇది 'చలికాలం ఎందుకు వస్తుంది' అన్న పాఠంగా మిగిలిపోతుంది. స్తోత్రంగా చదివితే వేరు. దేమేతేర్ గింజను మొలకెత్తనివ్వకుండా మొండికేసింది. మనుషులు చస్తే దేవుళ్ళకు నైవేద్యం పెట్టేవాళ్ళుండరు. జెయుస్ దిగివచ్చింది అందుకే. అంటే దేవుళ్ళకూ మనుషులు కావాలి. పాట పాడుతున్నవాళ్ళకు ఇది చాలా పెద్ద సంగతి.

మిగిలినవాటిలో అయిదారేళ్ళ పిల్లలకు అథేనే మీద ఉన్న 28వది బాగుంటుంది. 18 పంక్తులు, రెండు నిమిషాలు. జెయుస్ తలలోంచి ఆయుధాలతో దూకుతుంది, కొండ వణుకుతుంది, సముద్రం ఉబుకుతుంది, సూర్యుడు గుర్రాల్ని ఆపేస్తాడు. ద్రాక్షసారా దేవుడు దియొనూసొస్ మీద ఉన్న 7వది 59 పంక్తులు, ఓడ దొంగలది. అందులో చుక్కాని పట్టినవాడు ఒక్కడే పట్టుబడ్డది దేవుడని గుర్తిస్తాడు, ఒక్కడే మిగులుతాడు. అఫ్రొదితే పెద్ద స్తోత్రాన్ని పదో తరగతి దాటే దాకా ఆపండి. హోమర్ సంపుటి బయట, క్రీ.పూ. 3వ శతాబ్దపు అలెగ్జాండ్రియా కవి కల్లిమఖొస్ రాసిన వేట దేవత అర్తెమిస్ స్తోత్రం మాత్రం వదలొద్దు. చిన్నపిల్ల అర్తెమిస్ తండ్రి ఒళ్ళో కూర్చుని గడ్డం అందుకోబోతూ కోరికల చిట్టా విప్పుతుంది: ఎప్పటికీ పెళ్ళి వద్దు, చాలా పేర్లు కావాలి, విల్లూ బాణాలూ కావాలి, అందరూ తొమ్మిదేళ్ళవాళ్ళే అయిన 60 మంది చెలికత్తెలు కావాలి, కొండలన్నీ కావాలి. అడగడం అనే మూడో రంగును పిల్లలకు నేర్పడానికి ఇంతకన్నా మంచి పాట నాకు తెలియదు.

పురాణ గాయకుడు ఓర్ఫెయుస్ పేరు మీద ఉన్న 87 స్తోత్రాలు మరో రకం. అవి రోమన్ కాలానివి. కథ దాదాపు ఉండదు, పేరు వెంట పేరు, బిరుదు వెంట బిరుదు. చాలా వాటికి శీర్షిక కిందే ఏ ధూపం వేయాలో రాసి ఉంటుంది. మేఘాలకు బోళం. నిద్రకు గసగసాలు కలిపిన ధూపం. భూమికి చిక్కుడు జాతి గింజలూ సుగంధాలూ తప్ప అన్ని రకాల గింజలు. అష్టోత్తరం విన్న పిల్లలు ఈ పద్ధతిని వెంటనే పట్టుకుంటారు. కథలే స్తోత్రాలనుకునేవాళ్ళకు మాత్రం ఇవి విసుగ్గా కనిపిస్తాయి.

ఇవన్నీ ఎలా వినిపించేవని అడిగితే చూపించడానికి రాళ్ళున్నాయి. 1893లో డెల్ఫీ తవ్వకాల్లో ఏథెన్స్ వాళ్ళ ఖజానా గోడల రాళ్ళ మీద అపొల్లోన్ స్తోత్రాలు రెండు దొరికాయి. క్రీ.పూ. 2వ శతాబ్దం చివరివి. మాటల పైన స్వరాల గుర్తులు చెక్కి ఉన్నాయి. ఒకదాని మీద గాత్రం గుర్తులు, ఇంకోదాని మీద వాద్యం గుర్తులు. ఒక అక్షరాన్ని రెండు స్వరాల మీద సాగదీయాల్సిన చోట అచ్చును రెండుసార్లు చెక్కారు: 'దెల్ఫిసిన్' అన్నదాన్ని 'దెఎల్ఫిసిన్' అని. మన సంగీతం నోట్సులో సాహిత్యాన్ని స్వరాల కింద సాగదీసి రాస్తామే, అలాగే. వీటి నడక అయిదు మాత్రలది, గురువు-లఘువు-గురువు, మన రగణం, 'రాఘవా' అన్నట్టు. ఖండచాపు వేయడం వచ్చిన పిల్లలు 'తక తకిట' వేస్తూ వింటే లెక్క తప్పరు. 1894లో పారిస్‌లో ఒలింపిక్ క్రీడల్ని తిరిగి మొదలుపెట్టాలని నిర్ణయించిన సభలో మొదటి స్తోత్రాన్ని పాడించారు. ఈనాడు పునర్నిర్మించి పాడిన రికార్డింగులు దొరుకుతాయి. వినిపించేటప్పుడు ఒక జాగ్రత్త: విరిగిన రాయి మీద స్వరాలు లేని చోట్లు ఉన్నాయి, వేగం ఎంతో రాసిలేదు, పక్కవాద్యం ఏం వాయించాలో రాసిలేదు. కాబట్టి ఒకటి కాదు, రెండు మూడు రికార్డింగులు వినిపించండి. ఏది అన్నిటిలోనూ ఒకేలా ఉందో అది రాయి మీద ఉండే అవకాశం ఎక్కువ. తేడాలు చాలావరకు పాడినవాళ్ళవి.

కదలకుండా కూర్చోలేని చిన్నపిల్లలకు క్రీట్ ద్వీపంలోని పాలైకాస్త్రొలో దొరికిన స్తోత్రం. బలిపీఠం చుట్టూ నిలబడి, తంత్రీవాద్యాలూ సన్నాయి లాంటి జంట పిల్లనగ్రోవులూ కలిపి వాయిస్తూ, జెయుస్‌ని 'అందరికన్నా గొప్ప కుర్రవాడా' అని పిలిచి దూకమంటారు. మందల కోసం దూకు, పంట పొలాల కోసం దూకు, మా ఊళ్ళ కోసం దూకు, సముద్రంలో పోయే ఓడల కోసం దూకు. ప్రతి చరణం తర్వాత అదే పల్లవి తిరిగి వస్తుంది. పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, ప్రతి 'దూకు' దగ్గరా దూకించండి. పల్లవి దగ్గర మాత్రం నిలబడాలి. నిలబడకపోతే ఊపిరి అందక నాలుగో చరణానికి పాట ఆగిపోతుంది; పల్లవి ఉన్నందువల్ల ఒక లాభం ఇదే.

పిల్లలకు ఈ పాటలెందుకని అడిగేవాళ్ళకు నా జవాబు శాసనాల్లో ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో డెల్ఫీ వాళ్ళు ఒక కవిని గౌరవిస్తూ, అతని ఊరేగింపు పాటనూ స్తోత్రాలనూ ఏటేటా అక్కడి మగపిల్లలకు నేర్పించి పండగలో పాడించాలని తీర్మానించారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న స్త్రతొనికెయా అనే ఊళ్ళో మరో తీర్మానం రాతికెక్కింది. 30 మంది పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని, ఆలివ్ రెమ్మల దండలు తలకు పెట్టుకుని, చేతుల్లో రెమ్మలు పట్టుకుని, రోజూ ఊరి సభా మందిరానికి వచ్చి జెయుస్‌నీ హెకతేనూ స్తోత్రం చేయాలి. కిథార అనే తంత్రీవాద్యం వాయించేవాడొకడు, చాటింపు వేసేవాడొకడు పక్కన ఉండాలి. పిల్లల్ని తీసుకురావాల్సిన అధికారి అశ్రద్ధ చేస్తే అది దైవద్రోహం. ఒంట్లో బాగాలేని పిల్లలూ, ఇంట్లో చావు జరిగి దుఃఖంలో ఉన్న పిల్లలూ మాత్రం రానక్కర్లేదని అదే రాతి మీద చెక్కి ఉంది.